ఎత్తిన తెడ్డు

సంతాప సభలో ఆయన్ని నేవీ ఆఫీసర్ని చేసేశారు. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో మా తెలుగువాళ్ళు పండగలకి అద్దెకు తీసుకునే హాల్లోనే సభ. వేదిక మీద ఆయన ఫోటో, దాని కింద పేరు, పేరు కింద 'విశ్రాంత నౌకాదళ అధికారి' అని బంగారు రంగు అక్షరాలు. సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని "దేశ సేవలో జీవితం గడిపిన అంకుల్" అన్నాడు. ముందు వరసవాళ్ళు తలలూపారు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు గానీ, ఒకటైనా నిండకుండానే వెనక బల్ల మీద సమోసాల ట్రే మూత తీసిన చప్పుడు వినిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన జన్మలో ఒక్క రోజు కూడా నేవీలో పనిచెయ్యలేదు. సరుకు ఓడల్లో కొన్నేళ్ళు తిరిగి, అది మానేసి లా చదివి, సింగపూర్‌లో సాయంత్రం క్లాసుల్లో సముద్ర చట్టం పాఠాలు చెప్పుకునేవారు. తెల్ల యూనిఫాం వేసుకున్నవాళ్ళు టీవీలో కనబడితే ఛానల్ మార్చేసేవారు. బతికుండగా ఈ మాట ఎవరైనా ఆయన మొహం మీద అని ఉంటే గొడుగు తీసుకుని లేచి వెళ్ళిపోయేవారు.

ఆ గొడుగు గురించి చెప్పాలి. మడత పెట్టే గొడుగు కాదు, వంకీ పిడి ఉన్న పొడుగాటి నల్ల గొడుగు. ఎండైనా వానైనా చేతిలో ఉండాల్సిందే. నేను ఆయన్ని మొదట చూసిందీ ఆ గొడుగుతోనే, మా ఆఫీసు దగ్గర హాకర్ సెంటర్లో, చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట. మధ్యాహ్నం అందరికంటే ముందు వెళ్ళి, ఏ స్టాల్లో ఆ రోజు వంట బాగుందో కనిపెట్టి, బల్ల పట్టి, మా ఆఫీసు తెలుగువాళ్ళం లోపలికి రాగానే లేచి నిలబడి గొడుగుని నిటారుగా తల మీదికి ఎత్తేవారు. నోరు మెదిపేవారు కాదు. అలా విగ్రహంలా నిలబడి ఉంటే మేమే చూసుకుని వెళ్ళాలి.

"నోటితో పిలవొచ్చు కదండీ మాస్టారూ, జనం చూస్తున్నారు," అన్నాను ఓసారి.

"అరిస్తే వినబడదమ్మా," అన్నారు. హాకర్ సెంటర్లో గోల ఎక్కువ కాబట్టి నిజమేననుకున్నాను.

ఊరంతా టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల 'చోప్' చేస్తే, అంటే ఇది మాదని పట్టి ఉంచుకుంటే, ఆయన లావుపాటి లా పుస్తకం పెట్టేవారు. అట్ట మీద సాంబారు మరకలు, మిరపకాయ చట్నీ మరకలు. చట్టమంటే ఎవడికీ భయం లేదుగానీ అంత బరువు పక్కకి జరపడానికి మాత్రం అందరూ బద్ధకిస్తారని ఆయన లెక్క. ఇంకో విచిత్రం, మార్కెట్లో చేపల కొట్టు ముందు అరగంట నిలబడేవారు. మొప్పలు ఎత్తి చూసేవారు, కన్ను నొక్కి చూసేవారు, కొట్టాయనతో వాదించేవారు. చివరికి కొనకుండా వచ్చేసేవారు. కొట్టాయన చైనీయుడు. ఆయన వస్తుంటేనే "అంకుల్, టుడే ఆల్సో ఓన్లీ సీ సీ, నో బై లా?" అని నవ్వేవాడు. ఎందుకు కొనరని నేనడిగితే, "డబ్బిచ్చి చేప తినడం నాకింకా అలవాటు కాలేదమ్మా" అన్నారు. అప్పుడు తెలిసింది ఆయనది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఓ జాలరి పల్లె అని.

అవి మనవాళ్ళు అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి విమానం ఎక్కేస్తున్న రోజులు. మా కంపెనీలో సగం మంది తెలుగే. సముద్రం మీద తిరిగే ఓడలన్నిటినీ తెర మీద రంగు చుక్కలుగా చూపించే సాఫ్ట్‌వేర్ మా పని. సరుకు ఓడ ఆకుపచ్చ, యుద్ధ ఓడ బూడిద, చేపల పడవ నీలం. రాసేవాళ్ళలో పడవెక్కినవాడు ఒక్కడూ లేడు. నేను టెస్టింగ్‌లో ఉండేదాన్ని. మాది గుంటూరు. సముద్రమంటే నాకు తెలిసిందల్లా బాపట్ల దగ్గర కాళ్ళు తడుపుకోవడమే.

కొన్నాళ్ళకి క్లయింటు ఇంకో రంగు కావాలన్నాడు. చేపల పడవలా కనబడుతూ చేపల పని కాకుండా నేవీ పని చేసే పడవ ఎరుపు రంగులోకి మారాలి. యుద్ధం వస్తే దాన్ని కొట్టొచ్చా లేదా అన్నది తెర చూడగానే తెలిసిపోవాలి. చట్టం ఒప్పుకుంటుందని ఒక లాయరు సంతకం పెట్టాలి. అలా మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పరిచయమైన మాస్టారే మా ఆఫీసుకి సలహాదారుగా వచ్చారు.

అలాంటి పడవల్ని ఇప్పుడు టీవీలో ఎవరు పడితే వాళ్ళు 'మారిటైమ్ మిలీషియా' అంటున్నారు. ఎక్కడో సముద్రంలో పగడపు దిబ్బ పక్కన వరసగా నిలబడ్డ చేపల పడవల్ని చూపించి, సూట్లు వేసుకున్నవాళ్ళు గంటలు గంటలు మాట్లాడుతున్నారు. అప్పట్లో ఆ మాట పేపర్లలో వచ్చేది కాదు. మాస్టారు మాకు దాన్ని క్యాంటీన్ బల్ల మీద గ్లాసులతో చెప్పారు. ఇక్కడివాళ్ళు కాపీ అనే కాఫీ గ్లాసు యుద్ధ ఓడ. నిమ్మరసం గ్లాసు చేపల పడవ. నిమ్మరసం మీద గొడుగు విప్పి పట్టుకున్నారు. పక్క బల్లవాళ్ళు మాకేసి చూస్తున్నారు.

"ఇది చట్టం. తీరం దగ్గర చేపలు పట్టుకునే పడవని యుద్ధంలో కూడా కొట్టకూడదు, పట్టుకుపోకూడదు. ఎంత పెద్ద నేవీ అయినా సరే."

"ఆ పడవవాడు వాళ్ళ నేవీకి కబుర్లు మోస్తే?" అన్నాడు మా మేనేజరు. హైదరాబాద్ మనిషి, మంచివాడే. మంచివాడు కాబట్టే ఎవరికీ ఎదురు చెప్పడు.

మాస్టారు గొడుగు మూసేశారు. "గొడుగు పోయింది. ఇప్పుడు కొట్టొచ్చు."

"అయితే ఎరుపు. అంతే కదా సార్, సింపుల్."

"ఆగు బాబూ. యుద్ధ ఓడంటే దానికి గుర్తుండాలి, పేరున్న అధికారి ఉండాలి, మనుషులు ఆ అధికారి మాట కింద ఉండాలి. వాళ్ళు పట్టుబడితే యుద్ధఖైదీలు, చస్తే సైనికులు. మరి వీడు?" నిమ్మరసం గ్లాసుని కాపీ గ్లాసు దాకా జరిపి, మళ్ళీ వెనక్కి లాగి, మధ్యలో వదిలేశారు. అక్కడిదాకా పుస్తకం భాష మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారిగా ఊరికి వెళ్ళిపోయింది. "గొడుగు లాగీసినారు, సరే. సొక్కా ఇచ్చినారేటి? సంపినప్పుడు సైనికుడు, సచ్చినాక సేపలోడు. ఇదేటి నాయం?"

మేనేజరు నాకేసి చూశాడు. నేను నిమ్మరసం తాగేశాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

ఎరుపు రూలు మావాళ్ళు వారంలో రాసేశారు. ఒక పడవ ఉన్నట్టుండి ఆగి, చుట్టుపక్కల పడవలన్నీ గబగబా దాని దగ్గర చేరితే అది కూడబలుక్కున్న కదలిక. అన్నీ ఎర్రబడతాయి. రాసినవాళ్ళకి సముద్రం మీద తోడుదొంగలు కాని స్నేహితులు ఉంటారన్న ఊహే లేదు. మాస్టారు ఆ రూలు చదివారు. ఆ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "క్రాంజీ దాకా వత్తావేటమ్మా?" అన్నారు.

బస్సు దిగి గడ్డి వాలు ఎక్కాం. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ సమాధి రాళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి. పైన పెద్ద గోడల నిండా పేర్లు, శవం దొరకనివాళ్ళవి. మాస్టారు గొడుగు చివరతో మన దేశం పేర్లు చూపించుకుంటూ నడిచారు. సిపాయిల పేర్లే కాదు, వాళ్ళకి వండిపెట్టినవాళ్ళ పేర్లు, నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు కూడా. "తెల్లోడు మనల్ని ఎంత దోచినా, నీళ్ళు మోసినోడి పేరు కూడా రాసినాడు సూడు," అన్నారు. తర్వాత గోడ నీడలో కూర్చుని వాళ్ళ అన్న గురించి చెప్పారు. అంతకు ముందు ఆయనకి ఒక అన్న ఉన్నాడనే నాకు తెలియదు.

"మా అన్నకి సూపు మంచిది. నా సిన్నతనంలో యుద్ధం వచ్చినప్పుడు మన నేవీ వోల్లు జీపులో వచ్చినారు. దూరం సూడగలిగినోడు ఎవుడని అడిగితే ఊరంతా మా అన్నని సూపించినాది. ఓ వైర్‌లెస్ సెట్టు ఇచ్చి, కొత్త ఓడ ఏదైనా కనిపిస్తే సెప్పమన్నారు. మా అమ్మకి ఎంత గొప్పో. రాత్రుళ్ళు దానికి గుడ్డ కప్పి పడుకోబెట్టీది."

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేదట. సముద్రం మీద చేపల గుంపు కనబడినవాడు ఒక్కడే వల వేసుకోకూడదు. పడవలో లేచి నిలబడి తెడ్డుని నిటారుగా పైకెత్తాలి. అరుపులు అలల్లో వినిపించవు కాబట్టి అదే పిలుపు. చూసినవాళ్ళందరూ వస్తారు, అందరూ పట్టుకుంటారు. ఆ రోజు అన్నకి కొత్త ఓడేదీ కనబడలేదు. చేపలు కనబడ్డాయి. తెడ్డెత్తాడు. పడవలు చేరాయి. దూరాన్నుంచి చూస్తున్న శత్రువు ఓడకి మాత్రం వైర్‌లెస్ తీగ కట్టిన పడవ, అందులో నిలబడి సైగ చేస్తున్న మనిషి, ఆ సైగ అందుకుని మూగుతున్న పడవలు కనబడ్డాయి. కొట్టింది. చేపల కోసం వచ్చినవాళ్ళు కూడా వాళ్ళ అన్నతోపాటే పోయారు.

శత్రువులు గూఢచారి పడవని ముంచామని రేడియోలో చెప్పుకున్నారు. మనవాళ్ళేమో శత్రువులు అమాయక జాలర్లని చంపారని చెప్పుకున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, వాడి సెట్టు చావుని తెచ్చింది, వాడి తెడ్డు మా పిల్లల్ని పిలిచింది అన్నారు. ఒడ్డున చేపలు పంచుకునే చోట మాస్టారి అమ్మని నిలబడనివ్వలేదు. నూతి దగ్గరికి ఆవిడ వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. జీపు మళ్ళీ ఒక్కసారి వచ్చింది, సెట్టు తిరిగిస్తారా అని. సెట్టు పోయిందని రాసుకుని వెళ్ళారు. మనిషి పోయాడని రాసుకోలేదు.

ఆవిడ చిన్నకొడుకైన మాస్టారిని వెంటబెట్టుకుని పట్నంలో నేవీ ఆఫీసుకి వెళ్ళింది. ఆవిడ అడిగింది ఒక్కటే. ఒక్కసారి ఆ తెల్లబట్టలతో మా ఊరొచ్చి, వాడు మీ పని మీద పోయాడని ఒక్క మాట చెప్పండి, మేం ఊళ్ళో తలెత్తుకుంటాం. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడట. వాడు మా దళంలో లేడమ్మా, చేపలవాడు, అయినా పోయినవాడికి ఇప్పుడేం తేడా పడుతుంది అన్నాడట.

"మా అమ్మ ఏటందో తెలుసా? 'పోయినోడికి కాదు బాబూ, ఉన్నోలికి' అంది. ఆయన గంట కొట్టి తరవాతోల్లని పిలిచినాడు."

చెప్పడం అయిపోయాక మాస్టారు గొడుగు విప్పుకుని లేచారు. ఎండ అంతగా లేదు. బస్సు స్టాపు దాకా నడిచాం. హాకర్ సెంటర్లో ఆయన గొడుగెత్తినప్పుడల్లా మేం నవ్వుకున్నది గుర్తొచ్చింది.

డెమో రోజు క్లయింటు తరఫున ఇద్దరు వచ్చారు. పెద్ద తెర మీద నిజం సముద్రమే, అప్పటికప్పుడు వస్తున్న చుక్కలు. మేనేజరు చెబుతూ ఉండగానే ఒక మూల ఒక నీలం చుక్క ఆగింది. చుట్టుపక్కల చుక్కలు దాని దగ్గరికి వచ్చాయి. అన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. మావాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. ఇలాంటిది అడిగినా దొరకదు, సమయానికి తగులుకుంది. క్లయింటు మనిషి "వెరీ నైస్" అన్నాడు.

మాస్టారు కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డారు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని నిటారుగా పైకెత్తారు. ఆ గదిలో ఆ సైగ ఏమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఎవుడో తెడ్డెత్తినాడు," అన్నారు తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో నెమ్మదిగా, అక్కడ ఎవరికో చేపలు దొరికి ఉంటాయి, లేదా ఇంజను చెడిపోయి ఉంటుంది, తోటివాళ్ళు వెళ్తున్నారు, అది నేరం కాదు అన్నారు. సాయంత్రానికి కనుక్కుంటే అది ఇంజను చెడిపోయిన పడవే. తాడు కట్టి లాక్కొచ్చారు. కానీ అది సాయంత్రం మాట. అప్పటికి క్లయింటు నవ్వాడు. చిన్న చిన్న పొరపాట్లు తర్వాత సర్దుకోవచ్చన్నాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగాడు.

"ప్రొఫెసర్, ఒక్క మాట చెప్పండి. నేవీ ఇచ్చిన వైర్‌లెస్‌తో కాపలా కాస్తున్న చేపల పడవని యుద్ధంలో కొట్టడం చట్టబద్ధమా, కాదా?"

కాదంటారనుకున్నాను. కాదనాలని కోరుకున్నాను. మాస్టారు గొడుగు కిందికి దించి దాని మీద రెండు చేతులూ ఆనించారు.

"చట్టబద్ధమే," అన్నారు.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. "కొట్టారు. పడవ మునిగింది. నీళ్ళలో మనిషి ఉన్నాడు. ఇప్పుడు మీరు చెప్పండి, ఆ మనిషి ఎవరు? సైనికుడనే కదా కొట్టారు, అయితే సైనికుడిలాగే పైకి తియ్యాలి, ఖైదీగా చూడాలి, చస్తే పేరు రాయాలి. వాడికి సెట్టు ఇచ్చినవాడు కూడా వాడు మావాడేనని ఒప్పుకోవాలి. ఎరుపు రంగు పక్కన తెర మీద ఈ మాట కూడా కనబడాలి. అప్పుడే నా సంతకం."

క్లయింటు మనిషి గడియారం చూసుకున్నాడు. మా మేనేజరు గొంతు సవరించుకుని, "సార్, అది స్కోప్‌లో లేదు. కావాలంటే వేరే మాడ్యూల్‌గా తర్వాత చూద్దాం," అన్నాడు.

తెర మీద కాకపోతే కాగితం మీదైనా ఆ మాట ఉంటుందనుకుని మాస్టారు ఆ మధ్యాహ్నం సంతకం పెట్టారు. అభిప్రాయం రెండు పేరాలు, మొదటిది కొట్టొచ్చని, రెండోది మనిషి గురించి. సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇచ్చిన పుస్తకంలో మొదటి పేరా, దాని కింద ఆయన సంతకం అచ్చయ్యాయి. రెండో పేరా లేదు. స్థలం సరిపోలేదట. ఆ సాఫ్ట్‌వేర్ బాగా అమ్ముడుపోయింది. మా అందరికీ బోనసులొచ్చాయి. మాస్టారి కాంట్రాక్టు మాత్రం మళ్ళీ రాయలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన్ని బుకిట్ బటోక్ మార్కెట్లో చూస్తూనే ఉన్నాను, అదే చేపల కొట్టు దగ్గర. నడుం వంగింది. గొడుగు ఇప్పుడు నిజంగా ఊతకర్ర అయింది. చివరిసారి కాపీ తాగుతూ చాలాకాలంగా నా నోట్లో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"ఆ రోజు చట్టబద్ధం కాదని అనెయ్యొచ్చు కదండీ మాస్టారూ. మీ అన్నయ్యని చంపినవాళ్ళని మీరే వెనకేసుకొచ్చినట్టయింది."

ఆయనకి కోపం రాలేదు. "కాదంటే ఏటవుతాదమ్మా? మా అన్న ఉత్త సేపలోడు అయిపోతాడు. సావు వాడే తెచ్చినాడని మా ఊరోల్లు అన్నదే నిజమవుతాది. అవునంటే వాడు సైనికుడు, అప్పుడు వాడిని సంపినోడిది తప్పు కాదు. రెండిట్లో ఏది కావాల నాకు? మా అమ్మ ఏది అడిగిందో అది తీసుకున్నాను. దానికి ఎల ఇది."

ఆ వెల ఎంత పెద్దదో ఆయన మొహంలో చూశాను. అన్నని గురి పెట్టొచ్చని లోకమంతటికీ తన నోటితో చెప్పి, దానికి బదులుగా అడిగిన ఒక్క మాట కూడా ఆయనకి దక్కలేదు. మా కంపెనీవాళ్ళు మొదటి పేరా తీసుకున్నారు, రెండోది వదిలేశారు. జీపువాళ్ళు చేసిందీ అదే కదా. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయనే నా కాపీ గ్లాసు ముందుకు జరిపి, "తాగమ్మా, సల్లారిపోతాది," అన్నారు.

సభ అయిపోయాక కార్యదర్శిని పట్టుకున్నాను. అరిటాకు రంగు జుబ్బా వేసుకుని, అందరికీ సమోసాలు అందుతున్నాయో లేదో చూస్తున్నాడు.

"ఆయన నేవీలో లేరండీ. లా చెప్పేవారు. జాలరి కుటుంబం. ఆ నౌకాదళ అధికారి అన్నది తీసెయ్యండి, మీ వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు."

"అవునా మేడమ్? ఓడలూ సముద్రం అంటుండేవారు కదా, నేవీ అనుకున్నాం. రెస్పెక్ట్‌గా ఉంటుందనే పెట్టాం." తల గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు, ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ క్యారేజీ మోసింది ఈ అబ్బాయేనట. "అయినా పోయినాయనకి ఇప్పుడేం తేడా పడుతుంది మేడమ్?"

"పోయినాయనకి కాదు బాబూ, ఉన్నవాళ్ళకి," అన్నాను.

అతను నాకేసి జాలిగా చూశాడు. నన్ను దగ్గరి చుట్టాన్ని అనుకున్నట్టున్నాడు. "సరే మేడమ్, నెక్స్ట్ అప్‌డేట్‌లో మార్చేద్దాం," అని ట్రే అందుకున్నాడు.

నిన్న కూడా చూశాను. ఇంకా నేవీ ఆఫీసరే.